చేతిచక్రాలు తీసేసిన మిషను

మా ఇంటి వెనక గదిలో ఉన్న మిషను నేను బిగించిందే. ఈ మాట ఎప్పుడూ కొంచెం గట్టిగానే చెబుతాను, పక్కింటివాళ్ళు విన్నా నాకేం పరవాలేదు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. పైన అడ్డంగా ఒక దూలం, దానికి వేలాడుతూ గిర్రున తిరిగే చిన్న మోటారు, ఆ మోటారు మూతికి పెన్సిలు ములుకంత బిట్టు. కంప్యూటర్లో మనం గీసిన గీతను అది చెక్క మీద చెక్కిపెడుతుంది. దీన్నే సీఎన్‌సీ అంటారు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఇవి గదికి గది నిండా ఉంటాయి. నాది సరదాకి పెట్టుకున్నది. మా ఆవిడ చాలాకాలం దాన్ని "నీ బొమ్మ" అనే పిలిచింది.

నేను సూరత్ పక్కన జోల్వాలో మరమగ్గాల మాస్టర్‌ని. అంటే బట్ట నేసేవాణ్ణి కాదు, నేసే మగ్గం మొరాయిస్తే దాన్ని దారికి తెచ్చేవాణ్ణి. కరీంనగర్ వైపు నుంచి మీసాలు రాకముందే సూరత్ వచ్చాను. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం, ఇక్కడివాళ్ళు సంచో అంటారు, కాబట్టి భాష రాని రోజుల్లో కూడా పని దగ్గర నాకు ఇబ్బంది కలగలేదు. నలభై సాంచాలు ఒక్కసారిగా మోగే షెడ్డులో ఏ సాంచాకు ఏ నట్టు వదులైందో గోడ అవతల నిలబడి చెప్పగలను. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, నిజం. సరే, గొప్ప కూడా అనుకోండి.

అలాంటివాడికి ఒకరోజు ఫోనులో ఈ చిన్న మిషను వీడియో కనబడింది. మనిషి చెయ్యి పెట్టకుండా చెక్క మీద నెమలి తయారవుతోంది. నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. విడిభాగాలు తెప్పించాను. భేస్తాన్‌లోని మా ఇంటికి మూడు అట్టపెట్టెల్లో వచ్చాయి. వాటిలో వచ్చిన కాగితం మీద ఏ భాషలో రాసి ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. బొమ్మలు చూసి బిగించాను.

ఇలాంటి మిషను పెట్టుకుందామని ఇప్పుడు చాలామంది నన్ను సలహా అడుగుతున్నారు. నేను చెప్పే మొదటి మాట ఎవరికీ నచ్చదు. నట్లు బిగించడానికి తొందరపడకండి అంటాను. ఫ్రేమును నేల మీద పరిచి, ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపుతో కొలవండి. తర్వాత రెండో జత మూలలు కొలవండి. రెండు కొలతలూ ఒకటే వచ్చేదాకా తట్టుతూ కూర్చోండి. సాంచా ఫ్రేము నిలబెట్టేటప్పుడు మేము చేసేది ఇదే. అక్కడ వెంట్రుకవాసి వంకరుంటే ఇక్కడ మీరు చెక్కే ప్రతి చతురస్రమూ ఒరిగిపోతుంది, ఆ తర్వాత ఏ కంప్యూటరూ దాన్ని నిలబెట్టలేదు. నాకు ఆ పనికి ఒక పూట పట్టింది. ఆ పూట గురించి నాకిప్పటికీ గర్వమే.

అన్నీ ఇంత తెలివిగా చేశానని అనుకోకండి. మొదటి వారంలోనే అలవాటు కొద్దీ నూనెడబ్బా పట్టుకుని దూలం నడిచే పట్టాలన్నిటికీ అభిషేకం చేశాను. సాంచాకు నూనె పోయకపోతే పాపం చేసినట్టే మాకు. కానీ ఇక్కడ చెక్కపొడి ఆ నూనెలో కలిసి పిండిముద్దలా గట్టిపడి, దూలం నడవనని మొండికేసింది. గుడ్డతో తుడిచి తుడిచి రెండు రోజులు నానా తంటాలు పడ్డాను. పట్టాలు పొడిగా ఉండాలి, తిరుగుతూ దూలాన్నీ మోటారునూ జరిపే మూడు స్క్రూలకు ఒక్కో చుక్క చాలు. ఇంకో మాట. మోటారుకు ఎర్త్ వైరు తప్పకుండా ఇవ్వండి, కంప్యూటరు నుంచి వచ్చే తీగను మోటారు తీగకు దూరంగా కట్టండి. నేను అలా కట్టక, ఒక ఆకు బొమ్మ సగం చెక్కాక మిషను నిలబడిపోయి నా ముఖం చూసేది.

కామ్‌రేజ్‌లో వడ్రంగి షాపువాళ్ళు పారేసే ముక్కలు సంచీ నిండా తెచ్చుకుని వాటి మీద నేర్చుకున్నాను. అక్కడ నా చెవి పనికొచ్చింది. బిట్టు సాఫీగా కోస్తుంటే ఒకే గొంతుతో గుంయ్‌మంటుంది. కీచుమంటే తిరిగే వేగం ఎక్కువ, నడిచే వేగం తక్కువ. గుర్రుమంటే ఒకేసారి లోతుగా దింపామని అర్థం. కింద పడేదాన్ని వేళ్ళ మధ్య నలిపి చూడాలి. పొట్టు రావాలి, పిండి రాకూడదు. ఒక్కో దఫాకు ఒక మిల్లీమీటరు లోతు మాత్రమే కోసుకోవాలి. తొందరపడేవాడు బిట్లు విరగ్గొట్టుకుంటాడు. ఈ సంగతులు నాకెవరూ చెప్పలేదు, నా చెవే చెప్పింది.

ఇక నా అతి తెలివి సంగతి. మిషను రాగానే నాకు వెలితిగా తోచింది ఒకటే, దానికి చేతిచక్రం లేదు. సాంచాలో దారం తెగినా, కండె చిక్కుకున్నా మేము చేసేది ఒకటే. కరెంటు ఆపుతాం, పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పి మగ్గాన్ని కొంచెం వెనక్కి తెస్తాం, చిక్కు తీసి, మళ్ళీ చేత్తోనే ముందుకు తెచ్చి నడిపిస్తాం. ఇన్నేళ్ళ అలవాటది. చేతిచక్రం లేని మిషను నాకు పిడి లేని తలుపులా కనిపించింది. అందుకని మూడు స్క్రూల చివర్లకూ మూడు ఇత్తడి చక్రాలు చేయించి బిగించాను. తళతళ మెరుస్తూ ఉండేవి. చూడవచ్చిన ప్రతివాడికీ ముందు వాటినే చూపించేవాణ్ణి. మిషనుతో పాటు వచ్చిన చిన్న స్విచ్చులను మాత్రం పెట్టెలోనే ఉంచేశాను. దూలం అంచుదాకా వెళితే ఆ స్విచ్చులు ఆపుతాయి, మిషను తన మొదటి చోటు తానే వెతుక్కోవడానికి పనికొస్తాయి. నాకు కళ్ళున్నాయి కదా, స్విచ్చులెందుకు అనుకున్నాను.

మా ఆవిడది కూడా మా వైపే, కానీ పుట్టింది, పెరిగింది ఇక్కడే. మా వీధి చివర ఉన్న తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివింది. ఆపైన ఇంట్లో బాబిన్లు చుట్టడానికి కూర్చోబెట్టారు. అప్పుడు వాళ్ళ టీచరమ్మ మూడుసార్లు ఇంటికొచ్చి, పిల్లను పంపండని బతిమాలిందట. మూడోసారి వాళ్ళమ్మ తలుపు కూడా తీయలేదు. లోపల బాబిను పట్టుకుని కూర్చున్న తనకు, వాకిట్లో టీచరమ్మ చెప్పుల చప్పుడు వెనక్కి వెళ్ళడం వినబడిందట. ఈ సంగతి పెళ్ళయిన ఇన్నేళ్ళలో రెండుసార్లే చెప్పింది. రెండుసార్లూ చెప్పి వెంటనే లేచి పనిలో పడింది.

నేను మిషను నేర్చుకునే నాటికి ఆ టీచరమ్మే ఆ బడికి పెద్ద టీచరు. రైల్వే ఉద్యోగి భార్యగా కోస్తా నుంచి వచ్చి, ఉద్యోగమంతా ఇక్కడే చేసింది. ఒకరోజు, ఆమె ఆ నెలాఖరుకు రిటైరవుతోందని తెలిసి మా ఆవిడ చూడ్డానికి వెళ్ళింది. బడి గేటు పైనున్న గోడ మీద రెండు వరుసల పేరు ఉండేది, పైన గుజరాతీ, కింద తెలుగు. వానలకు రెండూ పోయాయి. పెయింటరు వచ్చి గుజరాతీ వరుస మళ్ళీ రాశాడు కానీ, తెలుగు రాక కింది వరుస వదిలేశాడు. "వెళ్ళేలోపు ఆ గేటు మీద మన అక్షరాలు ఒక్కసారి చూడాలని ఉందమ్మా" అందట టీచరమ్మ.

మా ఆవిడ ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే నా గదిలోకి వచ్చింది.

"మా టీచర్‌కు మాటిచ్చిన. బోర్డు నువ్వు చేస్తున్నవ్."

"జర నన్నొక మాట అడగద్దా?"

"ఏందడిగేది? మా ఆయనకు మిషనున్నది, చేస్తడు అని చెప్పిన."

బొమ్మ కాస్తా ఆ పూట మిషనయింది. నేను లోపల ఎంత ఉబ్బిపోయానో చెప్పలేను. పైకి మాత్రం చూద్దాంలే అన్నాను.

చెక్క కూడా తానే తెచ్చింది. టీచరమ్మ తరగతిలో వాడిన టేకు బల్ల కాళ్ళకు చెదపడితే దాన్ని పాత సామానులో తీసేశారట. పై చెక్కను మాత్రం ఆమె దాచుకుంది. సిరా మరకలు, పిల్లలు కంపాసు ముల్లుతో పొడిచిన గుంటలు, ఆమె మోచేతులు ఆనిన చోట నునుపు. "మా ఆయన దీన్ని మస్తుగ చేస్తడు టీచర్" అని చెప్పి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. అలాంటి చెక్క ఇంకొకటి లేదు. పాడైతే టీచరమ్మకు మా ఆవిడ ఇచ్చిన మాటా దానితోనే పోతుంది.

ముందు అక్షరాల దగ్గరే చిక్కొచ్చింది. కంప్యూటర్లో ఉన్న తెలుగు అక్షరాల్లో కొన్ని చోట్ల గీత మరీ సన్నం, అక్కడ బిట్టు పట్టదు. లావు అక్షరాలు పెడితే గుడి మూసుకుపోయి 'మి' కాస్తా ముద్దయిపోతుంది. నేను తిట్టుకుంటుంటే మా ఆవిడ ఒక పెద్ద నల్ల కాగితం, సుద్దముక్క తెచ్చుకుని నేల మీద కూర్చుంది. నాలుక కొంచెం బయటపెట్టి, గుండ్రంగా, నింపాదిగా రాసింది. తెలుగు ప్రాథమిక పాఠశాల. ఐదో తరగతితో ఆగిన చేతిరాత. ఎక్కడా వణుకు లేదు. దాన్ని ఫోటో తీసి, కంప్యూటర్లో ఆ గీత వెంబడే దారి గీశాను. మీరు కూడా తెలుగు చెక్కాలంటే ఇదే చేయండి, చేత్తో రాసిన అక్షరంలో బిట్టు హాయిగా తిరుగుతుంది.

పారేసిన ముక్కల మీద రెండుసార్లు చెక్కి చూశాను. బ్రహ్మాండంగా వచ్చింది. సెలవు రోజు పొద్దున్నే టేకు చెక్కను నాలుగు పక్కలా బిగించాను. మొదట బిట్టును చెక్కకు బెత్తెడు పైన ఉంచి గాలిలోనే మొత్తం నడిపించి చూశాను. ఎక్కడా బిగింపులకు తగలడం లేదు. ఈ పని ఎప్పుడూ మానకండి. తర్వాత మొదటి దఫా మొదలుపెట్టాను. 'తెలుగు' వచ్చింది. 'ప్రా' వచ్చింది. 'థ' వచ్చింది. మా ఆవిడ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూస్తోంది.

'మి' పూర్తవుతుండగా బిట్టు గొంతు మారింది. చూస్తే పాత టేకు పీచు ఒకటి బిట్టుకు చుట్టుకుంది. నా బుర్ర ఆలోచించలేదు, చెయ్యే ఆలోచించింది. పని మధ్యలో ఆపి, బిట్టును, స్క్రూలను తిప్పే మోటార్లన్నిటికీ కరెంటు తీశాను. ఇత్తడి చక్రం తిప్పి దూలాన్ని పక్కకు జరిపాను, పీచు లాగేశాను, మళ్ళీ చక్రం తిప్పి ఉన్నచోటికే తెచ్చాననుకున్నాను. సాంచా అయితే ఆ పనికి ఎవరూ వంక పెట్టలేరు. కరెంటు ఇచ్చి నడిపించాను.

'క' వచ్చి 'మి' మీద ఎక్కి కూర్చుంది.

సాంచాలో చక్రం తిప్పితే దానితో పాటు మగ్గమంతా తిరుగుతుంది, ఏదీ లెక్క తప్పదు. ఈ మిషను అలా కాదు. తాను ఎన్ని అడుగులు వేసిందో మనసులో లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది, కళ్ళు లేవు. కరెంటు తీసి మనం జరిపితే దానికి తెలియదు. తానింకా పాత చోటే ఉన్నాననుకుని నడుస్తుంది. నేను కంటి అంచనాతో తెచ్చిన చోటుకూ అసలు చోటుకూ వేలెడు తేడా. ఎర్ర బటను కొట్టి మిషను ఆపేసరికి ఆ వేలెడు తేడా టేకులో చెక్కి ఉంది.

మా ఆవిడ చిక్కుడుకాయల గిన్నె కింద పెట్టింది.

"గిట్లెట్ల చేసినవయ్యా? అది మా టీచర్ బల్ల."

చక్రం తిప్పిన కుడిచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను అనేది ఊరికే అనే మాట కాదని ఆ రోజు తెలిసింది. కొత్త చెక్క తెస్తానని గొణిగాను. "కొత్తది నువ్వు పెట్టుకో" అని మా ఆవిడ చెక్క బిగింపులు తానే విప్పింది. "నడువ్. ఆమె ముంగట నువ్వే చెప్పాలె." ఆటోలో ఈసారి చెక్కను నా ఒళ్ళో పెట్టింది.

టీచరమ్మ అద్దాలు పైకి తోసుకుని చెక్కను వెలుతురులోకి తిప్పి చూసింది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. మా ఆవిడ పక్కన నిలబడింది, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఐదో తరగతి పిల్లలాగే. టీచరమ్మ ఒక్క ప్రశ్న వేసింది.

"ఎంత లోతు దిగింది నాయనా?"

"ఒక్క మిల్లీమీటరే టీచర్."

"మరింకేం? ఇంతమంది పిల్లలు నా దగ్గర తప్పు రాశారు, ఎవరి పలకా నేను పారేయించలేదు. తుడిచి మళ్ళీ రాయండి."

తుడవడం! నా బుర్రకు అప్పుడు తట్టింది. అంగుళం మందం చెక్క అది. వెడల్పాటి బిట్టు పెట్టి పైనంతా రెండు మిల్లీమీటర్లు చెక్కేస్తే తప్పు పోతుంది, చెక్క మిగులుతుంది. అంత పని చేయగల మిషను నా ఇంట్లోనే ఉండగా నేను ఆటోలో ఏడుపుముఖం పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి రాగానే మొదట చేసిన పని, మూడు ఇత్తడి చక్రాలూ తీసేయడం. నట్టు విప్పుతుంటే ప్రాణం ఉసూరుమంది, అబద్ధం చెప్పను. పెట్టెలో పడేసిన స్విచ్చులు తీసి అంచుల్లో బిగించాను. ఇప్పుడు మిషను లేవగానే మూలకు వెళ్ళి స్విచ్చును తాకి తన చోటు తానే తెలుసుకుంటుంది. చెక్క మొదలయ్యే చోటును అక్కడి నుంచి కొలిచి కాగితం మీద రాసి గోడకు అంటించాను. మోటారు నిటారుగా ఉందో లేదో కూడా చూసుకోవాలి, ఒరిగి ఉంటే చదును చేసిన చెక్క మీద మెట్లు పడతాయి. మోటారు మూతికి వంచిన తీగ కట్టి, చేత్తో గుండ్రంగా తిప్పుతూ, తీగ కొస నాలుగు వైపులా మిషను అడుగుచెక్కను ఒకేలా తాకేదాకా సర్దాను. రెండు పూటలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు, మా ఆవిడతో సహా.

చదును చేసిన రోజు పల్చటి టేకు పొరలు లేచిపోతుంటే తప్పు అక్షరాలు, సిరా మరకలు, గుంటలు అన్నీ పోయాయి. ఒక మూల నీలం చుక్క ఒకటి మాత్రం చెక్క లోపలికి ఇంకిపోయి మిగిలింది. తీసేద్దామా అంటే మా ఆవిడ ఉండనీయమంది.

రెండోసారి చెక్కేటప్పుడు మా ఆవిడ గడప మీద కూర్చోలేదు. మిషను పక్కనే నిలబడి, ఆపే బటను దగ్గర తానుంటానంది. అక్షరాలు మళ్ళీ ఒక్కొక్కటే దిగుతున్నాయి. సరిగ్గా 'మి' దగ్గర పాత టేకు మళ్ళీ పీచు లేపింది. గొంతు మారింది. నా చెయ్యి లేచింది. చక్రం లేకపోయినా ఆ చోటికే వెళ్ళబోయింది. మా ఆవిడ ఒక చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో బటను నొక్కింది.

"ముట్టకు. అదే లేస్తది."

నేను నేర్పిన మాటే అది. ఆ బటను నొక్కగానే బిట్టు దానంతటదే పైకి లేచి నిలబడేలా కంప్యూటర్లో ముందే రాసిపెట్టాను. మోటార్లలో కరెంటు అలాగే ఉంది, లెక్క అలాగే ఉంది. బిట్టు తిరగడం పూర్తిగా ఆగాక రెండో చేత్తో చిమటా, అంటే చిన్న పట్టకారు, పట్టి పీచు తీశాను, దూలాన్ని వేలితో కూడా తాకలేదు. మా ఆవిడ మళ్ళీ నడిపించింది. 'క' వచ్చి తన చోట్లో తాను కూర్చుంది. అప్పటిదాకా నా మణికట్టు ఆమె చేతిలోనే ఉంది.

టీచరమ్మ ఆఖరి రోజున బోర్డు తీసుకెళ్ళాం. పిల్లలు గుమిగూడారు. వాళ్ళలో గుజరాతీలో అరిచేవాళ్ళే ఎక్కువ. టీచరమ్మ బోర్డును తన కొత్త బల్ల మీద పెట్టించుకుని, అద్దాలు తీసేసి, చూపుడువేలితో అక్షరాల గాడి వెంబడి దిద్దింది. మొదటి అక్షరం దాటి రెండో అక్షరం దగ్గర వేలు ఆగింది.

"ఈ ల నేను నేర్పిన ల. ఎవరు రాశారు?"

నేనే చెప్పాను. "ఆమెనే, టీచర్. నేను ఉత్తగ చెక్కిన."

టీచరమ్మ మా ఆవిడ వైపు తిరిగి అద్దాలు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత బోర్డును వెనక్కి తిప్పమంది. బల్ల సొరుగులోంచి సుద్దముక్క తీసి వెనకవైపు టేకు మీద రెండు అంకెలు వేసింది. మొదటిది నాకు చూపించింది, పదికి తొమ్మిది. "చెయ్యి పెట్టినందుకు ఒకటి కోశాను నాయనా" అంది. రెండోది మా ఆవిడ వైపు తిప్పింది. పదికి పది. కింద పెద్ద రైటు గుర్తు.

ఇన్నేళ్ళలో మా ఆవిడ అందరి ముందు ఏడవడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. ఆమెను చూస్తూ నిలబడ్డ నాకు, ఫ్రేము మూలలు సరిపోయిన పూట కలిగిన గర్వం ఏపాటిదీ కాదనిపించింది.

గేటు పైన గోడకు బోర్డు పెట్టి మేకులు కొట్టేముందు వెనక అంటిన సుద్దను తుడవబోయాను, శుభ్రంగా ఉంటుందని. మా ఆవిడ మళ్ళీ నా మణికట్టు పట్టుకుంది. ఆ మార్కులు ఇప్పుడు గోడవైపు ఉన్నాయి, ఎవరికీ కనబడవు. కూరగాయలకు వెళ్ళేటప్పుడు మా ఆవిడ ఆ గేటు ముందు నుంచే చుట్టూ తిరిగి వెళుతుంది.